ఫ్లాష్ పోయింది, ఆటలు చేసేవాళ్లు మిగిలారు

2021 జనవరి 12న వేలాది వెబ్ ఆటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. సర్వర్లు కూలిపోలేదు. ఎవరూ వాటిని చెరిపేయలేదు. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని నడిపే అడోబీ ఫ్లాష్ ప్లేయర్ మాత్రం, కంపెనీ ముందే అందులో పెట్టి ఉంచిన గడువు ప్రకారం ఆ రోజు నుంచి పనిచేయడం మానేసింది.

2000ల తొలి దశకంలో ఇంటర్నెట్ సెంటర్లలో గంటకు ఇంత అని డబ్బులు కట్టి కూర్చున్న తరానికి ఆ ఆటలు బాగా గుర్తే. డౌన్‌లోడ్ అక్కర్లేదు, ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు, బ్రౌజర్ తెరిస్తే చాలు. ఆడినవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వాటిలో ఎక్కువ భాగం పెద్ద కంపెనీలు చేసినవి కావు. కాలేజీ కుర్రాళ్లు, ఉద్యోగం నుంచి ఇంటికొచ్చాక రాత్రిపూట కూర్చున్నవాళ్లు, ఒక్కోసారి స్కూలు పిల్లలు సరదాకు చేసినవి. కాబట్టి ఫ్లాష్ కథను ఒక సాఫ్ట్‌వేర్ మరణంగా మాత్రమే చూస్తే సరిపోదు. వేరేవాళ్ల పనిముట్టు మీద ఆధారపడి పెరిగిన ఒక సమాజం ఎలా చెదిరిందో, మళ్లీ ఎలా కూడిందో అందులో ఉంది.

ఎవరైనా చేయగలిగిన ఆట

1996లో ఫ్యూచర్‌వేవ్ అనే చిన్న సంస్థ నుంచి మాక్రోమీడియా కొన్న యానిమేషన్ సాఫ్ట్‌వేరే తర్వాత ఫ్లాష్ అయింది. 2005లో మాక్రోమీడియానే అడోబీ కొనేసింది. బొమ్మ గీయడం, దాన్ని కదిలించడం, దానికి నాలుగు లైన్ల కోడ్ రాయడం అన్నీ ఒకే కిటికీలో జరిగేవి. బొమ్మలు వేసేవాడు కోడ్ నేర్చుకున్నాడు, కోడ్ రాసేవాడు బొమ్మలు వేశాడు. తయారైన ఫైలు చిన్నది, నెమ్మదైన కనెక్షన్ మీద కూడా తెరుచుకునేది.

ఈ సమాజానికి ముఖ్యమైన అడ్డా అమెరికాలో టామ్ ఫల్ప్ అనే యువకుడు నడిపిన న్యూగ్రౌండ్స్. 2000లో అక్కడ ఎవరైనా తమ ఆటను నేరుగా పెట్టుకునే ఏర్పాటు మొదలైంది. ఉంచాలా తీసేయాలా అన్నది చూసేవాళ్లు ఓట్లు వేసి తేల్చేవారు. మొహమాటం లేని విమర్శలు వచ్చేవి. ఒక ఆట తిరస్కారానికి గురైతే చేసినవాడు దాన్ని సరిదిద్దుకునేవాడు, లేదా ఇంకొకటి చేసేవాడు. ఫీజు లేని, సిలబస్ లేని శిక్షణ సంస్థ అది.

ఆ బడిలో చదివినవాళ్లు చిన్నవాళ్లేం కాదు. ఫల్ప్, డాన్ పాలాడిన్ కలిసి 2002లో చేసిన ఏలియన్ హోమినిడ్ రెండేళ్లకు టీవీకి పెట్టుకుని ఆడే కన్సోళ్ల మీదికి వెళ్లింది. ఎడ్మండ్ మెక్‌మిలన్ సహచరుడితో కలిసి 2008లో ఫ్లాష్‌లో చేసిన మీట్ బాయ్ 2010లో సూపర్ మీట్ బాయ్‌గా మారి, స్వతంత్ర ఆటల పరిశ్రమకు ఒక గుర్తుగా నిలిచింది.

అభిరుచి తగ్గలేదు, నేల కదిలింది

సాధారణంగా ఇలాంటి సమాజాలు సన్నగిల్లితే "జనాలకు ఆసక్తి పోయింది" అనేస్తారు. ఫ్లాష్ విషయంలో అది సగం నిజం కూడా కాదు.

మొదటి దెబ్బ ఫోన్ నుంచి వచ్చింది. 2007లో వచ్చిన ఐఫోన్‌లో ఫ్లాష్ లేదు. 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, భద్రత, బ్యాటరీ ఖర్చు, ఒకే కంపెనీ చేతిలో ఉండటం వంటి కారణాలు చూపి ఫ్లాష్‌ను తమ ఫోన్లలోకి రానివ్వబోమని తేల్చేశారు. ఆ విమర్శల్లో నిజముంది. ఫ్లాష్‌లో భద్రతా లోపాలు తరచుగా బయటపడేవి. అయితే ఒక కంపెనీ చేతిలో ఉందని ఫ్లాష్‌ను తప్పుపట్టిన ఆపిల్ ఆట తయారీదార్లకు చూపిన దారి తన సొంత యాప్ స్టోర్. 2011 నవంబర్‌లో అడోబీ కూడా మొబైల్ బ్రౌజర్ల కోసం ఫ్లాష్ తయారీని ఆపేసింది.

రెండో దెబ్బ డబ్బు దారుల మీద పడింది. ఫ్లాష్ ఆటలకు ప్రకటనల ద్వారా ఆదాయం తెచ్చిన మోచి మీడియాను 2010లో చైనాకు చెందిన షాండా గేమ్స్ కొనుక్కుంది. 2014 మార్చి చివరికి మూసేసింది. అభిరుచిగా మొదలుపెట్టి నెలకు కొంత సంపాదించుకుంటున్న చాలామందికి ఆ దారి మూసుకుపోయింది. ఆటలకు మరో పెద్ద వేదిక అయిన కాంగ్రిగేట్ కూడా 2020లో కొత్త ఆటలు తీసుకోవడం ఆపేసింది.

మూడో దెబ్బ అధికారిక మరణ వార్త. 2017 జులైలో అడోబీ, బ్రౌజర్ కంపెనీలు కలిసి 2020 చివరికి ఫ్లాష్‌కు స్వస్తి పలుకుతామని ప్రకటించాయి. ప్లేయర్ సోర్స్ కోడ్‌ను జనానికి వదిలేయమని కొందరు డెవలపర్లు అర్జీ పెట్టారు. అడోబీ వదల్లేదు.

పాతవాటిని కాపాడింది ఎవరు

గడువు తెలిశాక మూడున్నరేళ్లు చేతిలో ఉన్నాయి. ఆ సమయాన్ని ఎక్కువగా వాడుకున్నది ఔత్సాహికులే.

2018 జనవరిలో మొదలైన ఫ్లాష్‌పాయింట్ ప్రాజెక్టులో వాలంటీర్లు మూతపడుతున్న సైట్ల నుంచి ఆటలను ఒక్కొక్కటిగా సేకరించారు. ఫైలు ఒక్కటే దించుకుంటే చాలదు. చాలా ఆటలు తాము ఏ వెబ్ చిరునామాలో ఉన్నాయో చూసుకుని, వేరే చోట ఉంటే తెరుచుకోనని మొండికేస్తాయి. అందుకే ఆట తన పాత ఇంట్లోనే ఉన్నానని నమ్మేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అలా భద్రపరిచినవి ఇప్పుడు లక్షన్నరకు పైగా ఉన్నాయి.

రెండో ప్రయత్నం రఫుల్. ఒకప్పుడు న్యూగ్రౌండ్స్‌లో పనిచేసిన మైక్ వెల్ష్ మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్, అడోబీ ప్లేయర్ అవసరం లేకుండానే పాత ఆటలను ఇప్పటి బ్రౌజర్లలో నడిపిస్తుంది. ఇది సాధ్యం కావడానికి ఒక కారణం, ఫ్లాష్ ఫైళ్ల నిర్మాణ వివరాల వాడకంపై ఉన్న ఆంక్షలను అడోబీ 2008లో తీసేయడం. ప్లేయర్ కోడ్ దొరక్కపోయినా, ఫైలును ఎలా చదవాలో తెలుసు కాబట్టి ప్లేయర్‌ను మళ్లీ రాసుకున్నారు.

2020 నవంబర్‌లో ఇంటర్నెట్ ఆర్కైవ్ ఇదే రఫుల్ సాయంతో ఫ్లాష్ ఆటలను తన దగ్గర పెట్టింది. పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతుల కోసం వెతికే పాఠకులకు ఈ ఆర్కైవ్ కొత్తదేమీ కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు అందుబాటులో లేకుండా పోయాక ఆ పుస్తకాల్లో ఎన్నో నేటికీ దొరుకుతున్నది అక్కడే. పుస్తకమైనా ఆటయినా, ఎవరో ఒకరు అడగకుండానే కాపీ తీసి పెట్టడం వల్లే బతికింది.

కాపాడలేనివీ ఉన్నాయి. సర్వర్ మీద నడిచిన బహుళ ఆటగాళ్ల ఆటలకు ఫైలు దొరికినా ప్రాణం రాదు. 2006లో వచ్చిన యాక్షన్‌స్క్రిప్ట్ 3తో రాసిన ఆటల్లో కొన్ని రఫుల్‌లో ఇంకా సరిగా నడవడం లేదు.

కొత్తవి మళ్లీ ఎలా మొదలయ్యాయి

ఫ్లాష్ ఆఖరి నెలల్లోనే, 2020 అక్టోబర్‌లో, ఫ్రైడే నైట్ ఫంకిన్ అనే పాటల ఆట పుట్టింది. గడువు పెట్టుకుని రెండు మూడు రోజుల్లో ఆట పూర్తి చేసే లుడుం డేర్ పోటీలో నలుగురు మిత్రులు దాన్ని చేశారు. ఆట రూపంలోనే న్యూగ్రౌండ్స్ పాత రోజుల మీద ప్రేమ కనిపిస్తుంది. 2021 ఏప్రిల్‌లో దాని కొత్త భాగాన్ని ముందుగా న్యూగ్రౌండ్స్‌లోనే విడుదల చేస్తే, తాకిడికి సైటు తట్టుకోలేక పడిపోయింది. అదే ఏడాది పూర్తి ఆట కోసం కిక్‌స్టార్టర్‌లో 20 లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి.

ఆ ఆటను ఏ పనిముట్టుతో చేశారన్నది ఇంకా ఆసక్తికరం. దాని పేరు హాక్స్‌ఫ్లిక్సెల్. ఒకప్పుడు ఫ్లాష్ ఆటల కోసం ఆడమ్ సాల్ట్‌స్‌మన్ రాసిన ఫ్లిక్సెల్ అనే ఉచిత కోడ్‌కు అది వారసురాలు. ఫ్లాష్ కంపెనీ సొత్తు కాబట్టి కంపెనీతో పాటు ఆగింది. ఫ్లిక్సెల్ అందరిదీ కాబట్టి ఇంకో భాషలోకి, ఇంకో తరంలోకి నడిచి వెళ్లింది. ఆట కోడ్‌ను కూడా బయటపెట్టడంతో పిల్లలు వేల సంఖ్యలో దానికి సొంత పాటలు, పాత్రలు చేర్చారు. ఆట చేయడం చాలామంది అలాగే నేర్చుకున్నారు.

యూనిటీ గుర్తుచేసిన పాఠం

ఫ్లాష్ తర్వాత ఔత్సాహికుల్లో పెద్ద భాగం యూనిటీ అనే ఇంజన్ వైపు వెళ్లింది. 2023 సెప్టెంబర్ 12న ఆ కంపెనీ ఒక కొత్త రుసుము ప్రకటించింది. ఆదాయం, ఇన్‌స్టాళ్లు ఒక పరిమితి దాటితే ఆ తర్వాత ప్రతి ఇన్‌స్టాల్‌కూ 20 సెంట్ల దాకా చెల్లించాలి. అప్పటికే విడుదలైన ఆటలకూ వర్తిస్తుందనడంతో డెవలపర్లు భగ్గుమన్నారు. పది రోజుల్లో కంపెనీ వెనక్కి తగ్గింది. అక్టోబర్‌లో సీఈవో జాన్ రిక్కిటెల్లో తప్పుకున్నారు. 2024 సెప్టెంబర్‌లో ఆ రుసుమును పూర్తిగా రద్దు చేశారు.

కానీ నమ్మకం రద్దు ప్రకటనతో తిరిగి రాదు. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఆరియల్ మన్సూర్ తయారుచేసి 2014లో ఓపెన్ సోర్స్‌గా వదిలిన గోడో ఇంజన్ వైపు చాలామంది మళ్లారు. టెరేరియా ఆట చేసిన రీలాజిక్, యూనిటీ వాడే సంస్థ కాకపోయినా, ఆ నెలలోనే గోడోకు లక్ష డాలర్లు విరాళమిచ్చింది.

అలాగని పనిముట్టు స్వేచ్ఛగా ఉంటే అంతా బాగుంటుందనుకోవడం కూడా పొరపాటే. 2025 జులైలో, ఔత్సాహికుల ఆటలకు ముఖ్య వేదికైన ఇచ్ డాట్ ఐఓ, చెల్లింపు సంస్థల ఒత్తిడితో పెద్దల ఆటలన్నిటినీ తన వెతుకులాట ఫలితాల నుంచి రాత్రికి రాత్రి తొలగించింది. ఏది ఉండాలో ఒకప్పుడు ఆటగాళ్లు ఓటు వేసి తేల్చేవారు. ఇప్పుడు ఆ మాట కార్డు కంపెనీ చెబుతోంది. తాళం చెవి చేతులు మారింది, తాళం మాత్రం ఉంది.

మన దగ్గర ఆట అంటే

తెలుగు రాష్ట్రాల్లో ఆన్‌లైన్ గేమ్ అన్న మాట వార్తల్లోకి వచ్చేది ఎక్కువగా రమ్మీ అప్పుల సందర్భంలోనే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు ఆటలను నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని సామాజిక ఆటలను వేరుగా గుర్తించింది. ఆటకూ జూదానికీ మధ్య గీత గీయడం అవసరమే. ఇంట్లో కూర్చుని ఆట చేసే పిల్లవాణ్ని తల్లిదండ్రులు అనుమానంగా చూడకుండా ఉండటానికి కూడా అది పనికొస్తుంది.

ప్రభుత్వాల దృష్టి మాత్రం ఎక్కువగా పరిశ్రమ మీదే ఉంది. తెలంగాణ 2016లోనే యానిమేషన్, గేమింగ్ కోసం ఇమేజ్ విధానం ప్రకటించింది. దేశంలోని గేమ్ డెవలపర్ల వార్షిక సదస్సు చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే జరిగింది. కేంద్రం ముంబయిలో ఈ రంగానికి ఒక జాతీయ సంస్థను ఏర్పాటు చేసింది. భవనాలు, పెట్టుబడులు, ఉద్యోగాల లెక్కలు వీటన్నిటిలో ఉన్నాయి.

కానీ మెక్‌మిలన్ లాంటివాళ్లు భవనాల్లోంచి రాలేదు. ఉచితంగా లేదా చవగ్గా దొరికే పనిముట్టు, పది మంది చూసి నిర్మొహమాటంగా చెప్పే చోటు, పాడైనా ఫర్వాలేదనుకునే తీరిక, ఈ మూడూ కలిసిన చోట నుంచి వచ్చారు. వీటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. జిల్లా కేంద్రంలోని ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌ను నెలకో శని, ఆదివారం తెరిచి ఉంచితే, గోడో పెట్టుకుని పోటీ నడపవచ్చు. లైసెన్సు ఖర్చు సున్నా. అక్కడ తయారయ్యే ఆటలన్నీ గొప్పగా ఉండవు. న్యూగ్రౌండ్స్‌లోనూ ఎక్కువ ఆటలు గొప్పవి కావు. అయినా వాటిని చేసినవాళ్లే తర్వాతి ఆటను బాగా చేశారు.

ఫ్లాష్‌ను ఆపే హక్కు అడోబీకి ఉంది, ఆపేసింది. కోడ్, ఫైళ్లు, నేర్చుకున్న పద్ధతులు ఎంత మేరకు కంపెనీ గోడ బయట ఉన్నాయో అంత మేరకే ఆ సమాజం మళ్లీ నిలబడగలిగింది. ఇవాళ కొత్తగా ఆట చేయడం మొదలుపెట్టేవాళ్లు పనిముట్టును ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: దీన్ని తయారుచేసిన సంస్థ రేపు మనసు మార్చుకుంటే, నా ఆటలో నా దగ్గర మిగిలేదెంత?