‘మనోడు’ అంటే ఎవరు?

సిద్దిపేట పాత బస్టాండు చుట్టుపక్కల ఏ చాయ్ దుకాణంలో పది నిమిషాలు కూర్చున్నా భూమి మాట చెవిన పడుతుంది. ఎకరం ఎంత, గజం ఎంత, రోడ్డు బిట్టా, లోపలి బిట్టా... రెండో చాయ్ వచ్చేసరికి ఎవరో ఒకరు జేబులోంచి ఫోను తీసి పొలం ఫొటో చూపిస్తారు. రాజీవ్ రహదారి ముందునుంచే ఉంది. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా అయింది. 2023 అక్టోబరులో పట్టణానికి రైలు వచ్చింది. ఈలోగా రంగనాయకసాగర్, కొండపోచమ్మసాగర్, మల్లన్నసాగర్ వచ్చాయి. వీటన్నిటితో పాటు భూముల మధ్యవర్తులూ పెరిగారు. బోర్డు పెట్టుకున్నవారు కొందరు. బోర్డు లేకుండా ఫోను మీదే బేరాలు నడిపేవారు ఇంకెందరో.

ఇంతమందిలో ఎవరిని నమ్మాలి? ఈ ప్రశ్నకు ఊళ్లో దొరికే జవాబు ఒక్కటే. ‘మనోడైతే మంచిది.’ మనోడంటే మన ఊరివాడు. లేదా మన కులంవాడు. అదీ కాకపోతే బావమరిది దోస్తు. మనోడైతే మోసం చేయడని ధీమా. కానీ ఊరూ పేరూ కలిసినంత మాత్రాన మంచీచెడూ కలుస్తాయా?

ఒక ఇల్లు, ఇద్దరు మధ్యవర్తులు

ఒక ఇల్లు ఉందనుకోండి. సిద్దిపేటకు దగ్గరి ఊళ్లో రెండెకరాల చేను. తండ్రి కష్టార్జితం. వీలునామా రాయకుండానే ఆయన కన్నుమూశాడు. మిగిలింది తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దకొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం. చిన్నవాడికి సిద్దిపేటలో మెకానిక్ షెడ్డు, దాని మీద అప్పు. కూతురు కరీంనగర్‌లో అత్తగారింట్లో ఉంది. తల్లికి మోకాళ్ల ఆపరేషన్ చేయించాలి. చేను అమ్మక తప్పదు. అందులో ఏడేళ్లుగా ఒక రైతు కౌలుకు మక్క వేస్తున్నాడు.

మొదటి మధ్యవర్తి పెద్దకొడుకుతో చదువుకున్నవాడే, వరుసకు తమ్ముడు. వచ్చీ రాగానే భరోసా ఇచ్చాడు. “అన్నా, వారం రోజుల్ల బయానా ఇప్పిస్త. చెల్లె సంతకం లొల్లి ఎందుకు? పెండ్లికి మంచిగనే పెట్టిన్రు గదా. వారసుల లెక్కల ఆమె పేరు రాకుండ నేను జూసుకుంట. కౌలుకు చేసెటాయనను రేపే లేవమందాం.”

రెండో ఆయనది వేరే ఊరు, వేరే కులం. తల్లి ఎదురుగా కూర్చుని ముందు ఒకటే అడిగాడు. “అమ్మా, మీ బిడ్డకు ఎరుకేనా? ఆడబిడ్డ సంతకం లేంది నేను బయానా ముట్టను. మక్క కోత అయ్యేదాక ఆగుదాం. నెల ఆలస్యమైతది. ధర కొంచెం తగ్గినా తగ్గచ్చు, ముందే చెప్తున్న.”

కొడుకులిద్దరికీ మొదటివాడే నచ్చాడు. వారంలో డబ్బు, పైగా మనోడు!

చట్టం ఏమంటుందంటే...

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో తల్లికీ, కొడుకులకీ, కూతురికీ సమాన వాటా. రెండెకరాలంటే ఎనభై గుంటలు. నలుగురికీ తలా ఇరవై గుంటలు. పెళ్లిలో పెట్టిన బంగారం ఈ లెక్కను చెరిపేయదు. పిత్రార్జితంలోనూ ఆడపిల్లకు హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005 సవరణ దాన్ని దేశమంతటికీ విస్తరించింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

కాబట్టి మొదటి మధ్యవర్తి ఇప్పిస్తానన్నది సులువైన బేరం కాదు. ఓ కోర్టు కేసుకు బయానా! రేపు చెల్లెలు దావా వేస్తే కొన్నవాడు నిలదీసేది అన్నదమ్ముల్నే. కమీషన్ తీసుకున్నవాడు అప్పటికి ఇంకో బేరంలో ఉంటాడు.

‘పైన వచ్చింది నీదే’

విలువల సంగతి డబ్బు దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అమ్మేవారు చాలామంది “నాకు ఇంత ఇప్పియ్యి, పైన వచ్చింది నీదే” అంటారు. ఎకరానికి నలభై లక్షలు చాలన్నారనుకోండి. కొనేవాడికి నలభై ఆరు చెప్పి, మధ్యలో ఆరు మిగుల్చుకుంటారు. ఆ ఒక్క మాటతో మధ్యవర్తి ఎవరి మనిషీ కాకుండా పోతాడు. అమ్మేవాడికి తక్కువ, కొనేవాడికి ఎక్కువ చెబితేనే అతనికి గిట్టుబాటు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ఏజెంటు మీద కచ్చితమైన బాధ్యతే పెట్టింది. యజమాని అడిగితే లెక్క చెప్పాలని 213వ సెక్షన్ అంటుంది. యజమానికి తెలియకుండా ఆ వ్యవహారాన్ని సొంతానికి నడుపుకుంటే, అందులో వచ్చిన లాభాన్ని యజమాని అడగవచ్చని 216వ సెక్షన్ అంటుంది. అయితే ‘పైన వచ్చింది నీదే’ అని యజమానే ఒప్పుకున్నాక అడగడానికి ఏం మిగులుతుంది? కమీషన్ ఎంత శాతమో, ఒక వైపేనా, రెండు వైపులా తీసుకుంటాడా అన్నది ముందే కాగితం మీద రాసుకోవడం మేలు. అలా రాయడానికి వెనకాడని మనిషి సగం పరీక్ష నెగ్గినట్టే.

ఏది అమ్మనంటాడు?

కొనేవారికి కావలసిన పరీక్ష వేరు. ఇతను ఏ భూమి అమ్ముతాడన్నది కాదు, ఏది అమ్మనంటాడన్నది చూడాలి. లావుణి పట్టా భూమి చవగ్గా దొరుకుతుంది. భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన ఆ భూమి చేతులు మారకూడదని 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఉంది. చెరువు శిఖం కూడా ఎండాకాలంలో చూస్తే చదునుగా, అందంగానే ఉంటుంది. లేఅవుట్ అనుమతి లేకుండా చేనును గుంటలుగా కోసి, గుంటకు నూట ఇరవై ఒక్క గజాలని లెక్కగట్టి అమ్మేవారూ ఉన్నారు. 2020 ఆగస్టులో తెలంగాణలో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేసినప్పుడు, పిల్లల పెళ్లికని కొని పెట్టుకున్నవారు ఎంత అల్లాడారో చాలా ఇళ్లకు గుర్తే. “అందరూ కొంటున్నరు, ఏం కాదు” అనేవాడికీ, “ఇది నేను చూపియ్య” అనేవాడికీ తేడా అక్కడ తెలుస్తుంది.

2016లో వచ్చిన రెరా చట్టం కొంత అండ ఇచ్చింది. ఐదు వందల చదరపు మీటర్లు దాటిన స్థలంలోని వెంచర్, లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంట్ రెరాలో నమోదు కావాలి. అందులో ప్లాట్లు, ఫ్లాట్లు ఇప్పించే ఏజెంటూ నమోదు కావాలి. నమోదు కాని ప్రాజెక్టులో అమ్మకాలు చేయించకూడదు. తప్పితే రోజుకు పదివేల రూపాయల చొప్పున, ఆస్తి విలువలో ఐదు శాతం దాకా జరిమానా పడుతుంది. కానీ ఇద్దరు రైతుల మధ్య జరిగే చేను బేరానికి రెరా వర్తించదు. సిద్దిపేట పల్లెల్లో భూమి ఎక్కువగా చేతులు మారేది ఆ దారిలోనే. చట్టం చూపు ఆనని ఆ చోట మధ్యవర్తి మంచితనానికి పని ఎక్కువ.

ఎదుట లేనివారి గురించి...

నోటితో అడిగితే ప్రతి మధ్యవర్తీ నిజాయతీపరుడే. అందుకే వేరే విధంగా అడగాలి. “ఈమధ్య ఏ బేరం వద్దన్నావు? ఎందుకు?” అని. అతని ద్వారా అమ్మినవారిలో ఒకరినీ, కొన్నవారిలో ఒకరినీ కలవాలి. ఇద్దరూ మంచిగా చెబితేనే ఆ మాటకు విలువ. అన్నిటికన్నా ముఖ్యం, ఎదుట లేనివారి గురించి అతను ఎలా మాట్లాడుతున్నాడో గమనించాలి. ఇక్కడ చెల్లెలు లేదు, కౌలురైతు లేడు. వాళ్ల నోరు కొట్టమని ఈ రోజు సలహా ఇచ్చినవాడు, రేపు కొనేవాడి ముందు కూర్చున్నప్పుడు ఈ ఇంటివారి గురించి ఏం సలహా ఇస్తాడు?

మనిషి మంచివాడని కాగితాలు చూడకపోవడం కూడా పొరపాటే. ఈసీ, పహాణీ, నిషేధిత జాబితా చూసుకోవాల్సిందే. ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతి చట్టం ప్రకారం వారసత్వ మార్పిడికి తహసీల్దారు నోటీసులిచ్చి విచారణ చేయాలి. ఆ నోటీసంటే భయపడని మధ్యవర్తే ఇంటికి క్షేమం.

ఇంకో మాట కూడా ఉంది, అది కొంచెం చేదుగా ఉంటుంది. చెల్లెలి వాటా ఎగ్గొట్టాలనే అన్నదమ్ములు అనుకుంటే, మొదటి మధ్యవర్తి అచ్చంగా వాళ్ల విలువలున్నవాడే! అతన్ని తప్పుపట్టి లాభం లేదు. మన మాటకు తగిన మనిషిని వెతికే ముందు, మన మాట ఏమిటో ఇంట్లో తేల్చుకోవాలి. ఆ ఇంట్లో అది తేల్చింది తల్లి. రెండో ఆయనను మళ్లీ రమ్మని చెప్పి, చిన్నకొడుకు చేతిలోంచి ఫోను తీసుకుని కరీంనగర్‌కు కలపమంది.

“బిడ్డా, చేను అమ్ముతున్నం. నీ సంతకం కావాలె. ఒకసారి వచ్చి పో.”

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత కూతురు అడిగింది వాటా ఎంతని కాదు.

“నీ మోకాళ్లు ఎట్లున్నయే అవ్వా?”