సముద్రములో ప్లాస్టికు గింజలు

బిందె కానిండు, దువ్వెన కానిండు, మనము వాడు ప్లాస్టికు వస్తువులలో పెక్కు కర్మాగారమునకు మొదట గింజల రూపమున వచ్చినవే. చూపునకవి సగ్గుబియ్యమువలె నుండును. నీట వేసినచో వానిలో చాలవరకు తేలును. వీనిని సంచులలో నింపి, ఇనుప పెట్టెలలో పెట్టి, ఓడలమీద దేశదేశములకు పంపుచున్నారు.

5 మిల్లీమీటర్లకు లోబడిన ప్లాస్టికు తునుకలకు సూక్ష్మ ప్లాస్టికు అని పేరు. ఇంగ్లండు దేశమున ప్లిమత్ విశ్వవిద్యాలయమునకు చెందిన రిచర్డ్ థామ్సన్ గారును వారి సహచరులును 2004లో ప్రకటించిన వ్యాసమువలన ఈ విషయము లోకమున ప్రసిద్ధి కెక్కినది. పారవేసిన వస్తువులు ఎండకు పెళుసెక్కి విరుగుటచేతను, పాలియెస్టరు బట్టలను ఉతుకుటచేతను, మోటారు బండ్ల టైర్లు అరుగుటచేతను ఇట్టి తునుకలు పుట్టుచున్నవి. వాని మాట మరియొకప్పుడు విచారింతము. పుట్టుకతోనే చిన్నవియైన ఈ గింజల విషయమున లోకము చూపుచున్న యుపేక్ష తగదని మా యభిప్రాయము.

2021 మే 20వ తేదీన సింహళద్వీపమున కొలంబో రేవునకు వెలుపల లంగరు వేసియున్న ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అను ఓడలో అగ్ని పుట్టెను. పలుదినములు మండి, జూన్ నెలలో ఆ యోడ మునిగిపోయెను. అందు 1,486 పెట్టెల సరకుండెను. ఆ సరకులో 25 టన్నుల నత్రికామ్లమును, ఇంచుమించు 1,680 టన్నుల ప్లాస్టికు గింజలును గలవు. గింజ యొక్కటి 20 మిల్లీగ్రాములు తూగునని కొన్నచో టన్నునకు 5 కోట్ల గింజలగును. మొత్తమెంతయో మన విద్యార్థులు గుణించి చూతురుగాక. ఒడ్డున కొన్నిచోట్ల ఇసుక కనబడకుండ గింజలు మేటలు వేసెను. వేటను నిషేధించుటచే బెస్తలు పడవలను ఒడ్డునకు లాగుకొని కూర్చుండవలసినవారైరి. జనులు జల్లెడలు పట్టి నెలల తరబడి ఇసుకను జల్లించిరి.

ఇందొక వింత గలదు. ఆ ఓడలోని ఆమ్లము అపాయకరమైన సరకుల పట్టికలో నున్నది, గింజలు లేవు. కాని ఆమ్లము సముద్రజలమున కలసి పలుచనై పోవును. గింజలో, యేండ్లు గడచినను గింజలుగనే యుండును, లేదా మరింత చిన్న తునుకలగును. పాశ్చాత్యులు వీనిని మత్స్యకన్యల కన్నీళ్లని ముద్దుగా పిలుచుచున్నారు. ఇంతటి కీడునకు అంత అందమైన పేరు పెట్టుట మాకు రుచింపలేదు.

ఇక ప్రాణులమాట. చేపలును పక్షులును వీనిని గ్రుడ్లని భ్రమించి మ్రింగుచున్నవి. కడుపు నిండును గాని ఆహారమందదు. అంతియే కాదు. జపానుదేశపు శాస్త్రజ్ఞులు 2001లో వెల్లడించినదేమనగా, ఈ గింజలు నీటిలోని కొన్ని విషపదార్థములను తమపైకి లాగుకొని, చుట్టునున్న నీటియందుకంటె లక్షరెట్లకు మించిన సాంద్రతతో నిలుపుకొనును. 2016లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు గింజలకంటె మిక్కిలి చిన్నవగు ప్లాస్టికు పూసలున్న నీటిలో ముత్యపుచిప్పల జాతికి చెందిన ఆయిస్టర్లను రెండునెలలు పెంచి చూడగా, వాని అండములు 38 వంతులు నూటికి తగ్గినవి.

ప్రయోగశాలలలో వాడిన మోతాదు సముద్రమునందున్న దానికంటె తరచు హెచ్చని కొందరు వాదింతురు. ఆ మాట నిజమే. దానిని మేము దాచము. అయినను ఒకసారి నీట చల్లిన దానిని మరల ఏరి తెచ్చుటకు ఉపాయము లేనప్పుడు, కీడు పూర్తిగా రుజువగువరకు వేచియుండవలెననుట న్యాయమా? రుజువు చేతికి వచ్చునాటికి చేయుటకేమియు మిగులదు.

కొలంబో యుదంతము చాలలేదు కాబోలు! 2025 మే 25న కేరళ తీరమునకు ఎదుట ఎం.ఎస్.సి. ఎల్సా 3 అను ఓడ మునిగెను. కొలదిదినములలో తిరువనంతపురపు ఇసుకమీద తిరిగి అవే తెల్లని గింజలు. తిరిగి అవే జల్లెడలు. సింహళ అత్యున్నత న్యాయస్థానము ఆ సంవత్సరము జూలైలో మొదటి యోడ వారిని 100 కోట్ల డాలర్లు చెల్లింపవలసినదని తీర్పు చెప్పినది. తీర్పు మెచ్చదగినదే గాని, అది జరిగిన నష్టమునకు వెల కట్టుట; జరుగకుండ నాపుట వేరు.

గింజలను గట్టి సంచులలో నింపవలెననియు, పెట్టెలపై సరకు పేరు స్పష్టముగా తెలుపవలెననియు, వానిని వీలైనంతవరకు ఓడ లోపలిభాగమున నుంచవలెననియు అంతర్జాతీయ నౌకాసంస్థ 2024లో సలహాలనిచ్చినది. సలహాను పాటించువాడు పాటించును, లేనివాడు మానును. వానిని శాసనముగా చేయవలెననియు, గింజలను అపాయకరమైన సరకులలో చేర్చవలెననియు మేము గట్టిగా కోరుచున్నాము. ఇందువలన ఓడ కూలి కొంత పెరుగుననుట నిజమే. నేడు ఆ కూలిని బెస్తవాడు తన జీవనోపాధితో చెల్లించుచున్నాడు.

సముద్రతీర గ్రామములనుండి వచ్చు మన విద్యార్థులకొక మనవి. ఈ సెలవులలో అల వచ్చి నిలిచిన గీతవద్ద ఒక గజము పొడవు, ఒక గజము వెడల్పు గల చోటు గుర్తించి, పైయిసుకను సన్నజల్లెడతో జల్లించి, దొరికిన గింజలను లెక్కింపుడు. ఊరిపేరు, తేదీ, సంఖ్య వ్రాసి తెండు. గింజయొక్కటియు దొరకకున్నను సున్న యని వ్రాసి తెండు. వచ్చిన లెక్కలన్నిటిని మీమీ తరగతులతో సహా వచ్చు సంచికలో ప్రకటింతుము.