గురి తప్పని బండి

ఎలుకల బోను స్ప్రింగుతో నడిచే బండిని గీసిన గుర్తు వద్దకే చేర్చడం అమెరికా సైన్స్ ఒలింపియాడ్‌లో ఒక పోటీగా ఉండేది. పెనుకొండ విద్యార్థులు కూడ దీనిని అభ్యసింపవలెనని మా అభిప్రాయం.

సూత్రం సులభమే. బోను కడ్డీ లాగగా, ఇరుసుకు చుట్టిన దారం విడివడి చక్రాలు తిరుగుతాయి. చిక్కంతా గురిలోనే ఉన్నది. ఒక్క డిగ్రీ ప్రక్కకు మళ్ళినా 10 మీటర్లలో బండి సుమారు 17 సెంటీమీటర్లు తప్పుతుంది. ఇరుసులు సమాంతరంగా లేకున్న దారి వంపు తిరుగుతుంది. కావున ఒక్కొక్కసారి ఒక్క మార్పే చేసి, తప్పిన దూరాన్ని కొలిచి వ్రాసుకోవాలి.

వైజ్ఞానిక ప్రదర్శనలలో బహుమతి కొనితెచ్చిన మెరుగులకే దక్కడం మేము చూచాము. ఖర్చు పెట్టలేని విద్యార్థి కొలతల పుస్తకం ఎవరూ తెరువరు. ఆ పుస్తకానికే ఎక్కువ మార్కులు వేయవలసినదిగా కమిటీ పెద్దలను కోరుతున్నాము. బోనూ దారమూ పేదవానికీ అందుతాయి. ఓర్పు ఏ అంగడిలోనూ దొరకదు.