ఒడంబడికలో ఆడవాళ్ల మాట ఏది?

దేశాల మధ్య ఒప్పందాలంటే యుద్ధాలకూ సరిహద్దులకూ సంబంధించినవనీ, వాటితో మనకు పనేమిటనీ చాలామంది అనుకుంటారు. రాంనగర్‌లో మా మహిళా సంఘం సమావేశంలో సైబర్ నేరాల ఒడంబడిక ప్రస్తావన తెచ్చినప్పుడు నన్నూ అదే అడిగారు. పని ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

2020 డిసెంబరు గుర్తు తెచ్చుకోండి. కరోనాతో పనులు పోయిన రోజుల్లో సెల్‌ఫోన్ యాప్‌లు నిమిషాల్లో అప్పులిచ్చాయి. ఇస్తూనే ఫోన్‌లోని నెంబర్లనూ ఫోటోలనూ లాక్కున్నాయి. వాయిదా తప్పితే ఆడవాళ్ల ఫోటోలను అసభ్యంగా మార్ఫింగ్ చేసి బంధువులకు పంపాయి. వేధింపులు భరించలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి, చైనా దేశస్థులతో సహా పలువురిని అరెస్టు చేశారు. ఫోన్లు చేసి తిట్టినవాళ్లు ఇక్కడ దొరికారు గానీ, ఇలాంటి వ్యాపారాల వెనకున్న డబ్బూ సర్వర్లూ తరచు పరాయి దేశాల్లో ఉంటాయి. మార్ఫింగ్ ఫోటో క్షణంలో సరిహద్దు దాటుతుంది. దాని మీద ఇచ్చిన ఫిర్యాదు నెలలు గడిచినా దాటదు. అది దాటాలంటే దేశాల మధ్య ఒప్పందం ఉండాలి.

2015లో ఐక్యరాజ్య సమితి నిపుణుల బృందం ఈ విషయమై 11 నియమాలు రాసింది. తమ నేల మీదనుంచి కంప్యూటర్ల ద్వారా ఇతర దేశాలపట్ల అక్రమాలు జరుగుతున్నాయని తెలిసీ ఊరుకోరాదన్నది అందులో ఒకటి. మానవ హక్కులనూ గోప్యతనూ గౌరవించాలన్నది మరొకటి. అయితే అవన్నీ స్వచ్ఛందమైనవే. 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలో మన దేశం చేరలేదు. చివరికి 2024 డిసెంబరు 24న సమితి సర్వసభ్య సభ సైబర్ నేరాల ఒడంబడికను ఆమోదించింది. 2025 అక్టోబరులో హనోయ్‌లో సంతకాలు మొదలయ్యాయి. 40 దేశాలు ధ్రువీకరించాక అది అమల్లోకి రావాలి.

ఇందులో 16వ అధికరణం మనది. సమ్మతి లేకుండా ఒకరి ఆంతరంగిక చిత్రాలను పంచడం నేరమని అది అంటుంది. స్త్రీలు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న మాట ప్రపంచ ఒడంబడికలోకి ఎక్కడం చిన్న విషయం కాదు. కానీ నిర్వచనం చదవండి. చిత్రం తీసిన సమయంలో అది ఏకాంతమైనదై ఉండాలట. మరి మామూలు ఫోటోకి వేరే ఒళ్లు అతికించిన బొమ్మ సంగతేమిటి? 2020లో మన ఆడవాళ్లను వేధించడానికి వాడింది అలాంటి బొమ్మలనే. ఈ నిర్వచనంలో అది ఇమడదు. పైగా, హాని చేసే ఉద్దేశం రుజువు కావాలని ఏ దేశమైనా షరతు పెట్టుకోవచ్చు. 'సరదాకి పంపాను' అనేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

రెండో ప్రమాదం ఇంకా పెద్దది. నాలుగేళ్లు లేక అంతకు మించి శిక్ష పడగల ఏ నేరానికైనా కంప్యూటర్ సాక్ష్యాలు సేకరించి ఒకరికొకరు ఇచ్చుకోవడానికి ఇది వీలు కల్పిస్తుంది. ఏది నేరమో మళ్లీ ప్రభుత్వాలే నిర్ణయిస్తాయి. ప్రభుత్వాన్ని విమర్శించడాన్నీ, స్త్రీ తన ఇష్టప్రకారం బతకడాన్నీ నేరమనే దేశాలు లేవా? మానవ హక్కుల రక్షణ గురించి ఒడంబడికలో అధికరణాలున్నాయి. వాటిని అమలు చేసే భారాన్ని మాత్రం చాలావరకు ఆయా దేశాల చట్టాలకే వదిలేశారు. మనల్ని కాపాడతామంటూ మన ఫోన్లలోకి తొంగిచూసే అధికారాన్ని మనం ఎందుకివ్వాలి?

అందుకని ఒడంబడికే వద్దని నేననను. ఒప్పందం లేకపోతే లాభపడేది నేరస్థుడే. మన దేశంలో ఇటువంటి వాటిపై సంతకం చేయడానికి ప్రభుత్వానికి పార్లమెంటు అనుమతి తప్పనిసరి కాదు. కాబట్టి ముందే అడగాలి. పాఠాన్ని తెలుగులోనూ ప్రచురించి, పార్లమెంటులో చర్చ పెట్టాలి. మార్ఫింగ్ బొమ్మలు పంచడం నేరమని మన చట్టం ప్రత్యేకంగా, స్పష్టంగా చెప్పాలి. ఒడంబడిక కన్నా గట్టి చట్టం చేసుకోవడానికి అడ్డేమీ లేదు. కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరి సమాచారాన్నీ పరాయి దేశానికి ఇవ్వరాదు. ఫిర్యాదు చేసిన స్త్రీ వివరాలు బయటికి రాకూడదు.

దౌత్యం ఢిల్లీలోనో న్యూయార్క్‌లోనో జరుగుతుంది. దాని ఫలితం మాత్రం పోలీసు స్టేషన్‌కి ఫోన్ పట్టుకుని వెళ్లిన ఆడమనిషి అనుభవిస్తుంది. ఆమె మాట ఒప్పందంలోకి ఎక్కించే పని మహిళా సంఘాలది. చర్చ ఇక్కడే మొదలుపెడదాం.