బెగ్ వద్దు, రిక్వెస్ట్ చాలు



సెలవు చీటీ రాయని హాస్టల్ విద్యార్థి ఉండడు. కాని మన చీటీలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. "ఐ బెగ్ టు స్టేట్ దట్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్." జ్వరం వచ్చినవాడికి ఇది సరే. అక్క పెళ్ళికి పోయేవాడు కూడా అదే వరుసలో "సఫరింగ్ ఫ్రమ్ మై సిస్టర్స్ మ్యారేజ్" అని రాస్తే పెళ్ళి కూడా ఒక రోగం అయిపోతుంది! అర్థం తెలియకుండా బట్టీ పడితే ఇంతే.

ఇక ఆ "బెగ్" సంగతి. బెగ్ అంటే అడుక్కోవడం. పాతకాలం ఇంగ్లీషు ఉత్తరాల్లో అది మర్యాద మాట. మన పాత అర్జీల్లో "తమ దివ్య సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా" అన్నట్టే. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. ("ఐ యామ్ బెగ్ టు" అని రాస్తే మాత్రం తప్పే.) అయినా అది మనకు ఇప్పుడు అక్కరలేదని నా అభిప్రాయం.

ఎందుకంటే, తన కష్టం తీర్చమని ఏ అధికారికైనా అర్జీ పెట్టుకొనే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని మన రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. కేంద్రంలో గాని, ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా రాయవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కూడా సమాచారం అడగడాన్ని "రిక్వెస్ట్" అనే అంటుంది. ఎందుకు అడుగుతున్నామో కారణం చెప్పనక్కరలేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. హక్కు ఉన్నచోట అడుక్కోవడం ఎందుకు?

అయితే రిక్వెస్ట్ కూడా సరిగ్గా రాయాలి. "మీకు మనవి చేస్తున్నాను" అనే అలవాటుతో మనం "ఐ రిక్వెస్ట్ టు యూ" అని రాసేస్తాం. అది తప్పు. "మిమ్మల్ని కోరుతున్నాను" అని మనసులో అనుకోండి, "టు" దానంతట అదే పోతుంది. ముందు మనిషి, తర్వాత "టు", ఆ తర్వాత పని: "ఐ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మి లీవ్ ఫర్ టూ డేస్." క్రియ అయితే "ఐ రిక్వెస్ట్ లీవ్". నామవాచకం అయితేనే "ఫర్" వస్తుంది: "మై రిక్వెస్ట్ ఫర్ లీవ్".

సెలవు చీటీయే కదా అని తీసిపారేయకండి. మన ఊళ్ళలో ఎంతోమంది పెద్దవాళ్ళు ఎవరో రాసిచ్చిన అర్జీ మీద వేలిముద్ర వేస్తారు. లోపల ఏముందో వాళ్ళకు తెలియదు. రేపు పోడు పట్టా కోసమో, బోరింగు కోసమో ఐ.టి.డి.ఎ. ఆఫీసుకు కాగితం రాయాల్సింది మనమే. తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా మనం ఏం అడుగుతున్నామో మనకు తెలిసి రాయాలి. దానికి ఈ చీటీయే మొదటి మెట్టు.

వార్డెన్ గారికి, ఇంగ్లీషు మాస్టారికి నా మనవి: అందరికీ ఒకే చీటీ బోర్డు మీద రాసివ్వకండి. ఎవరి కారణం వాళ్ళనే రాయనివ్వండి. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దండి. మర్యాద ఎక్కడికీ పోదు. పైన "సర్", చివర "థాంక్యూ" ఎలాగూ ఉంటాయి!

— ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి