ఐ.ఎన్.ఆర్. పరీక్ష మా దగ్గరే జరిగేలా చూడండి

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

ఆరోగ్యశ్రీ పుణ్యమా అని మా పశ్చిమ ప్రకాశంలో కూలి చేసుకునేవాళ్లకూ గుండె వాల్వు ఆపరేషన్ అందింది. మెకానికల్ వాల్వు పెట్టాక రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ లాంటి మాత్ర జన్మంతా మింగాల్సిందే. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో తెలిపే లెక్క ఐ.ఎన్.ఆర్. మైట్రల్ వాల్వయితే అది మామూలుగా 2.5–3.5 మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. పెరిగితే పళ్లు తోముకున్నా చిగుళ్ల నుంచి రక్తం కారొచ్చు. నాలుగు రోజులు వరసగా పాలకూర తిన్నా ఈ లెక్క మారుతుంది, అందుకే తరచూ పరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్షకు ఒంగోలు వెళ్లాలి; గిద్దలూరు నుంచి అది వంద కిలోమీటర్ల పైమాటే. కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు వెళ్లగలం? వేలి మీది రక్తపు బొట్టుతో ఐ.ఎన్.ఆర్. ఎంతో నిమిషాల్లో చెప్పే మీటర్లున్నాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రభుత్వాసుపత్రుల్లో వాటిని పెట్టించండి, మాత్రలు ఉచితంగా ఇప్పించండి.

ఇట్లు,
వాల్వు మార్పించుకున్న గిద్దలూరు వాసి