నల్లరేగడి నేలయు భూపరీక్షావిధియు

గుంటూరు, ప్రకాశము, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతములలో నల్లరేగడిపై కట్టిన యిండ్లను చూచినవారికి ఒక దృశ్యము సుపరిచితము. కిటికీ మూలనుండి ఏటవాలుగా బయలుదేరిన బీట ఒక ఋతువున వ్రేలు పట్టునంత విచ్చును, మరియొక ఋతువున సన్నగిల్లును. గృహస్థుడు సున్నము పూయించును. మరుసటి యేడు బీట మరల కనబడును. అంతట అతడు వాస్తుపండితుని పిలిపించును. ఆయన సింహద్వారము దిక్కు మార్పించును. నేల యెట్టిదని మాత్రము అడుగడు.

ఈ అడుగకపోవుటయే విచారణీయము. వాస్తుశాస్త్రమున ద్వారమునకంటె ముందు భూమి చెప్పబడినది. మయమతమున భూపరీక్ష, భూపరిగ్రహములు గృహవిన్యాసమునకు పూర్వాధ్యాయములు. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయమున రెండు సులభపరీక్షలు చెప్పినాడు. ఇంటి నడుమ మూరెడు గుంట త్రవ్వి ఆ మన్నుతోనే పూడ్చవలయును. మన్ను చాలనిచో నేల అనిష్టము, సరిపోయినచో మధ్యమము, మిగిలినచో శ్రేష్ఠము. లేదా గుంటను నీటితో నింపి, నూరడుగులు నడచి తిరిగివచ్చి చూడవలయును. నీరు తగ్గనిచో నేల ప్రశస్తము. యుక్తి స్పష్టమే. గట్టిగా అణగిన మన్ను త్రవ్వగనే విరిసి మిగులును. డొల్లనేల మన్ను ఎంత కూరినను చాలదు. నీరు త్వరగా ఇంకినచో లోపల గుల్ల యున్నదని అర్థము.

ఇంతవరకు చెప్పి శాస్త్రమును ప్రశంసించుట సులభము. పండితసభలలో జరుగునదియు అదియే. అయితే ఈ పరీక్షలను రేగడిపై ప్రయోగించినచో ఏమగును? తడిసిన రేగడి నీటిని ఇంకనీయదు. నూరడుగులు కాదు, వేయి అడుగులు నడచి వచ్చినను గుంట నిండియే యుండును. త్రవ్విన మన్ను గడ్డలుగా లేచి మిగిలిపోవును. రెండింటను రేగడి శ్రేష్ఠభూమిగా తేలును! వేసవిలో నెఱ్ఱెలు విచ్చిన అదే నేల కుండెడు నీటిని క్షణములో మ్రింగును. శ్రావణమున ప్రశస్తమైనది వైశాఖమున అనిష్టమగుచున్నది. బరువు మోయునా యని మాత్రమే ఆ పరీక్షలు నేలను ప్రశ్నించును. రేగడిని అడుగవలసిన ప్రశ్న వేరు: తడిసినపుడు ఎంత ఉబ్బును, ఎండినపుడు ఎంత కుదియును?

వరాహమిహిరుడు అవంతి దేశీయుడు. మాళవ పీఠభూమిలో అధికభాగము నల్లరేగడియే; కావున ఆయన ఎరుగని నేల కాదు. ఆయన నల్లనేలను వరుసలో కడపట చెప్పుటను పట్టుకొని, రేగడి దోషము ఆయనకు తెలియునని వాదించువారు ఉండవచ్చును. ఆ వరుస తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు నేలలను నాలుగు వర్ణములవారికి పంచుచున్నదే కాని ఉబ్బు గుణమును చెప్పుట లేదు. లేని అర్థమును శ్లోకమునకు అంటగట్టుట శాస్త్రసేవ కాదు.

రేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అను బంకఖనిజము కలదు. దాని పొరల నడుమ నీరు చొచ్చి ఉబ్బించును. ఋతువునుబట్టి ఈ నేలలో తేమ మారుట సుమారు 3.5 మీటర్ల లోతువరకు ఉండునని ఇంజనీర్లు లెక్కింతురు. విశేషమేమనగా, ఇందు ఎక్కువ దెబ్బతినునది తేలిక యిల్లే. దానికి నేల ఉబ్బును అణచు బరువు లేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇట్టి నేలలకు ఒక ఉపాయము రూపొందించినది. లోతైన కాంక్రీటు గుంజ అడుగుభాగమున, కాండమునకు రెండున్నర రెట్ల వ్యాసముతో గుబ్బ యుండును. నేల ఉబ్బి గుంజను పైకి లాగినను గుబ్బ పట్టు విడువదు. గుంజల తలలను కలుపు దూలమునకును నేలకును నడుమ ఖాళీ విడుతురు. మరియొక మార్గము రేగడిని తీసివేసి, ఉబ్బని గరుసుమన్నును పొరలుగా తడిపి దిమ్మిస కొట్టుట.

2021లో పాలంపేట రామప్పగుడికి ప్రపంచవారసత్వపు గుర్తింపు వచ్చినది మొదలు ఇసుకపునాది మాట అందరి నోట నానుచున్నది. 1213 నాటి ఆ ఆలయమునకును, హనుమకొండ వేయిస్తంభముల గుడికిని కాకతీయ శిల్పులు ఇసుకపై పునాది నిల్పిరి. అది గొప్ప నేర్పే. కాని రేగడిలో కందకము త్రవ్వి ఇసుక నింపినచో అది వాననీటిని చెరువువలె కూడబెట్టి చుట్టునున్న బంకకే త్రాపును. రాతిగుడికి చెల్లినది మూడుగదుల యింటికి చెల్లదు.

నీరు పడువరకో, రాయి తగులువరకో త్రవ్వుమను విధి శిల్పగ్రంథములలో కలదు. చేతికందు లోతున రాయి యున్నచోట ఆ విధి రేగడికి చక్కగా అన్వయించును. రేగడిని దాటించి గట్టినేల తగిలినదాక పునాది దింపు మేస్త్రీలు దానిని ఆచరించినట్లే. వారికి శ్లోకము రాకపోవచ్చును. శ్లోకము వచ్చినవారు గుంట చూడలేదు. ప్రాచ్యకళాశాలలలో భూపరీక్షాధ్యాయము చెప్పునపుడు విద్యార్థిచేత పెరటిలో ఆ మూరెడు గుంట వానకాలమున నొకమారు, వేసవిలో నొకమారు త్రవ్వించినచో, ఏ వ్యాఖ్యయు చెప్పని సంగతి రెండు దినములలో తెలియును.

ఇప్పటికిని శంకుస్థాపనముహూర్తమున గుంట త్రవ్వుచునే యున్నారు. నవధాన్యములు వేసి, పాలు పోసి, పూడ్చి, అక్షతలు చల్లుచున్నారు. మన్ను చాలినదో, మిగిలినదో ఎవ్వరును వంగి చూడరు.